పని రోజు రాత్రికి కోడి, కూరగాయలు: ఎయిర్ ఫ్రయర్‌లో ముప్పావు గంట వంట

రాత్రికి చికెన్ అనుకుంటే మన గోదావరి ఇళ్ళలో ముందు మూకుడు పొయ్యెక్కుతుంది, ఉల్లిపాయలు వేగుతాయి, వండే మనిషి గంటసేపు అక్కడే నిలబడిపోతారు. ఆదివారం మధ్యాహ్నం ఆ వంటకు తిరుగులేదు. కానీ బుధవారం సాయంత్రం ఆరున్నరకి రావులపాలెంలో బస్సు దిగి, ఏడున్నరకల్లా పిల్లలకు అన్నం పెట్టాల్సినవాళ్ళకి అంత ఓపిక ఎక్కడిది? ఇది అలాంటి రోజుల కోసం. అరకిలో చికెన్, పావుకిలో కూరగాయలు, రెండు మూడు చెంచాల నూనె ఉంటే చాలు. ముక్కలు నానే సమయంతో కలిపి ముప్పావు గంట పడుతుంది. అందులో మీరు చేతులు కదిపేది పావుగంటే.

ఎయిర్ ఫ్రయర్ మిషన్‌లో వంట కుదరాలంటే మసాలా కంటే ముందు చూసుకోవాల్సింది తడి. ముక్క పైన ఎంత తడి ఉంది, కూరగాయ లోపల ఎంత నీరుంది అన్న రెండూ తెలిస్తే ఏది ఎప్పుడు వేయాలో మీకే తెలిసిపోతుంది. ఇక కాగితం చూసి వండక్కర్లేదు.

మిషన్ చేసే పని

పేరులో ఫ్రై అని ఉన్నా ఇది నూనెలో వేయించే వస్తువు కాదు. పైన వేడెక్కే కాయిల్ ఉంటుంది, దాని దగ్గరే ఒక ఫ్యాను ఉంటుంది. ఆ ఫ్యాను వేడిగాలిని చిల్లుల బుట్ట చుట్టూ జోరుగా తిప్పుతుంది. గాలి తగిలిన చోట ముక్క పైపొర ఆరుతుంది, ఆరాక ఎర్రబడుతుంది. పైన తడి ఉన్నంతసేపు ఆ పొర వేడి 100 డిగ్రీలు దాటదు, కాబట్టి ముక్క ఉడుకుతుందే గాని వేగదు. తడి పోయి 140 డిగ్రీలు దాటితేనే ఆ ఎర్రటి రంగు, వేపుడు వాసన వస్తాయి. "నాకు తెల్లగా, చప్పగా వచ్చాయండీ" అనేవాళ్ళ ఇబ్బంది చాలామటుకు ఇక్కడే ఉంటుంది. ముక్కలు తడిగా వేసి ఉంటారు, లేదా బుట్ట నిండా కుక్కి ఉంటారు.

దీనితో కాని పనులు కూడా ముందే చెప్పేస్తాను. కోడి ఇగురు ఇందులో కాదు, పులుసు అసలే కాదు. నాటుకోడి జోలికి వెళ్ళొద్దు. దాని కండ గట్టిది, నీళ్ళలో నిదానంగా ఉడికితేనే మెత్తబడుతుంది. పొడి వేడిలో పెడితే తాడులా సాగుతుంది. సంక్రాంతికి పందెంలో ఓడిన కోడి ఇంటికొచ్చినా అంతే, దాన్ని కుక్కర్‌కే వదిలేయండి. ఎయిర్ ఫ్రయర్‌కి లేత ఫారం కోడే సరి.

ప్లగ్గు, వోల్టేజి

నాలుగు లీటర్ల మిషన్లు ఎక్కువగా 1400, 1500 వాట్లవి. అంటే ఆరు ఆంపియర్ల పైనే కరెంటు లాగుతాయి. ఫ్యాన్లకి, ఫోన్ ఛార్జర్లకి వాడే చిన్న ప్లగ్గులో పెట్టకండి. ఫ్రిజ్‌కో, గీజరుకో వాడే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గులో పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దే వద్దు. వెనక, పక్కల గాలి బయటికి పోయేలా జానెడు ఖాళీ వదలండి. అరగంట వాడినా ఖర్చయ్యేది ముప్పావు యూనిట్ లోపే.

ఊళ్ళలో ఉండేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. సాయంత్రం అందరిళ్ళలో ఏసీలు, మోటార్లు వేసే వేళకి వోల్టేజి పడిపోతుంటుంది. 230 ఉండాల్సింది 200కి దిగితే కాయిల్‌కి అందే శక్తి నాలుగో వంతు తగ్గిపోతుంది. మిషన్ మీద 180 అని వెలుగుతున్నా బుట్టలోకి ఆ వేడి రావడానికి ఆలస్యమవుతుంది. ట్యూబులైటు మినుకుమినుకుమనే ఇళ్ళలో నేను కింద చెప్పిన సమయానికి మూడు నాలుగు నిమిషాలు కలుపుకోండి.

చికెన్ కొట్టించుకునేటప్పుడు

కొట్టు దగ్గర మాట్లాడేది రెండు ముక్కలే అయినా సగం వంట అక్కడే తేలిపోతుంది.

"తమ్ముడూ, స్కిన్‌లెస్ అరకిలో. తొడ ముక్కలు ఎక్కువుండాలి."

"కూరకా అక్కా, ఫ్రైకా?"

"ఫ్రైకే. ఎముక తీసేసి, కూర ముక్క కంటే కాస్త పెద్దవి కొట్టు. అన్నీ ఒకే సైజుండాలి."

ఒకే సైజు అని గట్టిగా చెప్పండి. ఉసిరికాయంత ముక్క, దానికి మూడింతలున్న ముక్క ఒకే బుట్టలో పడితే చిన్నది ఎండిపోయేసరికి పెద్దది లోపల పచ్చిగానే ఉంటుంది. అంగుళంన్నర ముక్క అన్నిటికీ బాగుంటుంది. తొడ ముక్కే ఎందుకంటే అందులో కాస్త కొవ్వుంటుంది, రెండు నిమిషాలు ఎక్కువైనా రసం పోదు. రొమ్ము ముక్క అంత ఓర్చుకోదు. ఎముకతోనే ఇష్టమైతే ఎముకతోనే చేసుకోండి, సమయం ఐదారు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

అనపర్తి, తణుకు వైపు గుడ్ల ఫారాలు ఎక్కువ కాబట్టి గుడ్లు పెట్టడం తగ్గిన లేయర్ కోళ్ళు కూడా మన కొట్లలోకి వస్తాయి. అవి ముదురువి. కూరకి రుచిగానే ఉంటాయి గాని దీనికి పనికిరావు. బ్రాయిలరేనా అని అడిగి తీసుకోండి.

కూరగాయల్ని మూడు వరసలుగా చూడండి

మొదటి వరస గట్టివి, పిండి ఎక్కువున్నవి. బొంత అరటికాయ, చిలగడదుంప, క్యారెట్ ఇందులోకి వస్తాయి. వీటికి ఎక్కువ సమయం కావాలి, అందుకే చికెన్ కంటే ముందు బుట్టలోకి వెళ్ళేవి ఇవే. నన్నడిగితే ఈ వంటకి బొంత అరటికాయను మించింది లేదు. చెక్కు తీసి, అరంగుళం మందాన చక్రాలు కోసి, నూనె పట్టించి వేస్తే అంచులు కరకరలాడతాయి, నడుమ వెన్నలా ఉంటుంది. చికెన్ నుంచి కారే రసాన్ని కొంచెం పీల్చుకుంటుంది కూడా. కోయగానే నల్లబడుతుంది గనక ఉప్పు, పసుపు కలిపిన నీళ్ళలో వేసి, బుట్టలో పెట్టే ముందు గుడ్డతో గట్టిగా అద్దండి.

కంద కూడా ఈ వరసదే అయినా నేరుగా వేయకండి. కందలో గొంతు దురద పెట్టే కాల్షియం ఆక్సలేట్ ముళ్ళుంటాయి. పొడి వేడికి ఆ దురద పోతుందని నమ్మలేం. చింతపండు, పసుపు వేసిన నీళ్ళలో ముక్కలు సగం పైన ఉడికించి, నీళ్ళు వార్చి, ఆరబెట్టి, అప్పుడు బుట్టలో వేయండి. చేమదుంపకీ అంతే. పని రోజున ఇంత తతంగం పెట్టుకోకపోతేనే మంచిది, ఆదివారానికి దాచుకోండి.

రెండో వరస మధ్యస్థంగా ఉండేవి: బెండకాయ, దొండకాయ, వంకాయ, ఉల్లిపాయ, క్యాప్సికం. ఇవి చికెన్ సగం వేగాక వెళ్తాయి. బెండకాయని చక్రాలు కోయకుండా నిలువుగా రెండుగా చీల్చండి. ఆ వేడిగాలికి జిగురు ఆరిపోయి ముక్క విడివిడిగా వస్తుంది. దొండకాయని నిలువుగా నాలుగు చేయండి, బెండకాయ కంటే మూడు నాలుగు నిమిషాలు ముందే వేయండి. లంక వంకాయలు దొరికితే అదృష్టమే, కానీ వాటికి నూనె కచ్చితంగా పట్టించాలి. నూనె లేని వంకాయ ఈ గాలికి తోలులా అయిపోతుంది.

మూడో వరస సొర, బీర, పొట్ల, టమాటా. వీటిలో నీరే ఎక్కువ. బుట్టలో పడితే బుట్టంతా ఆవిరిమయం చేసి పక్కనున్న చికెన్‌ని కూడా ఉడకేస్తాయి. ఇవి పొయ్యి మీద పప్పులోకో, చారులోకో వెళ్ళాలి.

ఒక పూటకి మొదటి వరసలో ఒకటి, రెండో వరసలో ఒకటి తీసుకోండి. ఈ పూటకి బొంత అరటికాయ ఒకటి, బెండకాయలు ఎనిమిది, చిన్న ఉల్లిపాయ ఒకటి అనుకుందాం.

కడగడం, ఆరబెట్టడం, పట్టించడం

పచ్చి చికెన్ కడగొద్దని ఆహార భద్రత నిపుణులు చెబుతారు. కుళాయి కింద కడిగితే సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ లాంటి క్రిములు తుంపర్లతో సింకు నిండా పడతాయని వాళ్ళ మాట. అది నిజం. అయినా ఉప్పు, పసుపు వేసి కడగనిదే మన ఇళ్ళలో చికెన్ పొయ్యి దాకా రాదు. కడిగి తీరాలనుకుంటే కుళాయి ధార కింద కాకుండా లోతైన గిన్నెలో, నీళ్ళు చిందకుండా ఒకసారి కడిగి, ఆ నీళ్ళు మెల్లగా వంపేయండి. సింకు, చాకు, చేతులు సబ్బుతో కడిగాకే కూరగాయల మీద చెయ్యి వేయండి. కూరగాయలు ముందే కోసేసుకుంటే ఈ బెంగ ఉండదు.

తర్వాత చేసే పని చాలామంది వదిలేసేది. ముక్కల్ని చిల్లుల గిన్నెలో ఐదు నిమిషాలు ఉంచి, టిష్యూ పేపర్‌తోనో, ఈ పనికే పెట్టుకున్న పాత నూలు గుడ్డతోనో ఒక్కో ముక్కనీ అద్దండి. చేత్తో పట్టుకుంటే జారకుండా కాస్త అంటుకుంటున్నట్టు ఉండాలి. అప్పుడు ఆరినట్టు.

అరకిలోకి ఉప్పు ఒక టీస్పూను, పసుపు పావు టీస్పూను, కారం ఒకటిన్నర, ధనియాల పొడి ఒకటి, గరం మసాలా అర. అల్లం వెల్లుల్లి ముద్ద ఒక టేబుల్ స్పూను, అదీ నీళ్ళు పోయకుండా నూరింది. గట్టి పెరుగు రెండు టేబుల్ స్పూన్లు; పల్చగా ఉంటే పైన తేరిన నీరు వంపేయండి. బియ్యప్పిండి ఒక టేబుల్ స్పూను, నూనె రెండు టీస్పూన్లు. అన్నీ కలిపి ముక్కలకి బాగా పట్టించండి. పెరుగులోని పులుపు మాంసాన్ని మెత్తబరుస్తుంది, బియ్యప్పిండి మిగిలిన తడిని పీల్చి పైన పలుచని పొర కడుతుంది. నూనె మానేద్దామనుకోకండి. నూనె లేకపోతే పొడులు గాలికి ఎండి మాడతాయి, చేదెక్కుతాయి. నిమ్మరసం ఇప్పుడు కాదు, తినేటప్పుడు.

ఇరవై నిమిషాలు నాననివ్వండి. పొద్దున్నే కలిపి ఫ్రిజ్‌లో పెట్టి పనికి వెళ్ళినా బాగుంటుంది, అప్పుడు రుచి ఇంకా లోపలికి దిగుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో బియ్యం కడిగి కుక్కర్ పెట్టేయండి.

బుట్టలోకి

మిషన్‌ని 180 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు ఖాళీగా వేడెక్కనివ్వండి. బుట్టకి నూనె చేతిని ఒకసారి రాయండి.

అరటికాయ చక్రాలకి ఉప్పు, చిటికెడు కారం, అర టీస్పూను నూనె పట్టించి ముందు అవి వేయండి. 180 మీద ఆరు నిమిషాలు. తీసి చూస్తే పైన కాస్త పొడిబారి, తెల్లటి పిండి రంగులో ఉంటాయి. ఇంకా గట్టిగానే ఉన్నాయని కంగారు పడకండి, వాటికి ఇంకా చాలా సమయముంది.

వాటిని ఒక పక్కకి జరిపి చికెన్ ముక్కలు పరవండి. గుడ్డ మీద వడియాలు పెట్టినట్టు ఎడం ఎడంగా, ఒకే వరస. ఒకదాని మీద ఒకటి పడకూడదు. గిన్నెలో మిగిలిన మసాలాని పైన పోయకండి, దానితో వేరే పని ఉంది. 180 మీదే ఎనిమిది నిమిషాలు.

ఇప్పుడు బుట్ట లాగితే ముక్కల మీద నూనె బుడగలు చిటచిటమంటుంటాయి. పైవైపు నారింజ రంగు తిరిగి, అంచుల్లో అక్కడక్కడ ఎర్రటి మచ్చలు కనబడతాయి. కిందివైపు మాత్రం ఇంకా పాలిపోయి, తడిగా ఉంటుంది. అందుకే తిప్పాలి. పట్టకారుతో ఒక్కొక్కటి తిప్పండి. బుట్టని ఊపితే మసాలా రాలిపోతుంది. అరటి చక్రాలూ తిప్పండి. సందుల్లో నూనె, ఉప్పు పట్టించిన బెండకాయలు, ఉల్లిపాయ రెక్కలు సర్దండి. మళ్ళీ 180 మీద ఏడు నిమిషాలు.

చివరగా 200కి పెంచి మూడు నిమిషాలు. కరివేపాకు వేసేది ఇప్పుడే, కానీ పైన చల్లితే ఫ్యాను గాలికి ఎగిరి కాయిల్‌కి తగిలి మాడిపోతుంది. నూనె చేత్తో నలిపి ముక్కల కిందకి దోపండి. పచ్చిమిర్చి ఇష్టమైతే నిలువుగా చీల్చి వేయండి, చీల్చకపోతే పేలుతుంది. మోరి జీడిపప్పు ఇంట్లో ఉంటే గుప్పెడు ఇప్పుడే ముక్కల మధ్య వేయండి, ఈ మూడు నిమిషాలు చాలు వాటికి. కొబ్బరి కోరు మాత్రం బుట్టలో వేయకండి, కంచంలో చల్లుకోవాలంతే.

ఎముక ఉన్న ముక్కలైతే 180 దగ్గర మొదటి విడత పది నిమిషాలు, రెండో విడత పది నిమిషాలు చేయండి. రెండో విడత మూడు నిమిషాలయ్యాక బెండకాయ వేస్తే సరిగ్గా ఉంటుంది.

ఉడికిందా లేదా

ఈ ఒక్క చోట మాత్రం అందాజు మీద వదిలేయకండి. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు మన జిల్లాల్లో చాలామంది చికెన్ మానేశారు. ఆ వైరస్ అయినా, ఇందాక చెప్పిన క్రిములయినా ముక్క నడిమధ్య వేడి 74 డిగ్రీలు చేరితే బతకవు. వంటకి వాడే పుల్ల థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖర్చు కాదు. అన్నిటికంటే లావు ముక్కలో, ఎముకకి తగలకుండా గుచ్చి చూడండి. అది లేకపోతే ఆ లావు ముక్కనే కోసి చూడాలి: కండ నారలు తెల్లబడి ఉండాలి, కారే రసంలో ఎరుపు ఉండకూడదు. ఎముక పక్కన మాత్రం లేత బ్రాయిలర్‌కి బాగా ఉడికాక కూడా ఎర్రగా కనబడొచ్చు, అది మూలుగ రంగు. అనుమానం ఉంటే ఇంకో మూడు నిమిషాలు పెట్టండి. తొడ ముక్క పాడవదు.

తీసిన వెంటనే మూత పెట్టకండి, కష్టపడి ఆరబెట్టిన పైపొర ఆవిరికి మళ్ళీ మెత్తబడుతుంది. వెడల్పు పళ్ళెంలో నాలుగైదు నిమిషాలు అలా వదిలేసి నిమ్మకాయ పిండండి.

అన్నంలోకి

మన భోజనానికి పొడి ముక్కలొక్కటే సరిపోవు, కలుపుకోడానికి ఏదైనా ఉండాలి. బుట్ట కింద ట్రేలో రెండు మూడు చెంచాల రసం, నూనె కారి ఉంటాయి. పారబోయకండి. మసాలా కలిపిన గిన్నెలో అరగ్లాసు నీళ్ళు పోసి తొలిపి, ఆ నీళ్ళు, ఈ రసం చిన్న బాణలిలో పోసి, ఒక టమాటా నలిపి వేసి, ఐదారు నిమిషాలు గలగలా మరగనివ్వండి. ఇందులో పచ్చి చికెన్ తగిలిన మసాలా ఉంది కాబట్టి మరగడం తప్పనిసరి. కొంచెం మిరియాల పొడి, కొత్తిమీర వేసి దింపితే వేడన్నంలోకి పల్చటి పులుసులా బాగుంటుంది. పిల్లలకి ముక్కలు తుంచి అందులో కలిపి పెట్టండి. పెద్దవాళ్ళకి చివర్లో పెరుగన్నంలో నంజుకోడానికి ఆ అరటి చక్రాలు నాలుగు దాచండి.

మనుషులు ఎక్కువైతే, కరెంటు పోతే

నాలుగు లీటర్ల బుట్టలో పైన చెప్పిన కొలత ముగ్గురికి సరిపోతుంది. ఇంట్లో ఆరుగురుంటే రెండు విడతలుగా చేయండి, ఒకేసారి కుక్కకండి. రెండో విడతకి మిషన్ వేడిగా ఉంటుంది కనుక ముందు వేడెక్కించక్కర్లేదు, రెండు నిమిషాలు తగ్గించుకోవచ్చు. మొదటి విడత ముక్కల్ని చివర్లో ఒక నిమిషం మళ్ళీ వేస్తే అందరికీ వేడిగా వడ్డించవచ్చు.

మధ్యలో కరెంటు పోతే చూద్దాంలే అని బుట్టలోనే వదిలేయకండి. సగం వేడెక్కిన చికెన్ గోరువెచ్చగా ఉండిపోవడమే అన్నిటికంటే ప్రమాదం. పది నిమిషాల్లో రాకపోతే అన్నీ కలిపి మూకుట్లోకి మార్చి, మూత పెట్టి, సన్నసెగ మీద పూర్తి చేయండి. కరెంటు తిరిగి వచ్చాక బటన్ల మిషన్లు చాలావాటికి పాత సమయం గుర్తుండదు, మళ్ళీ పెట్టుకోవాలి.

పొగ వస్తే భయపడకండి. స్కిన్‌తో ఉన్న ముక్కల నుంచి కొవ్వు కారి అడుగు ట్రేలో కాలుతుంది. మొదట్లోనే ట్రేలో రెండు టేబుల్ స్పూన్ల నీళ్ళు పోస్తే పొగ రాదు.

మిగిలిన ముక్కలు రెండు గంటల్లోపు, మే నెల ఎండల్లో అయితే గంటలోపే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. మర్నాడు 160 మీద ఐదు నిమిషాలు పెడితే లోపలిదాకా వేడెక్కుతాయి, పైన కరకర కూడా కొంత తిరిగొస్తుంది. బుట్టని స్టీలు పీచుతో తోమకండి, నాన్‌స్టిక్ పూత లేచిపోతుంది. తిన్నంతసేపూ వేడినీళ్ళు, సబ్బు వేసి నానబెట్టి మెత్తటి స్పాంజితో కడగండి. వారానికోసారి ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక మిషన్‌ని పక్కకి వాల్చి, పైన కాయిల్‌కి అంటిన నూనె జిడ్డుని తడిగుడ్డ పిండి తుడవండి. అది వదిలేస్తే తర్వాత చేసే ప్రతి వంటకీ మాడు వాసన పడుతుంది.